కెమెరా ప్రశ్నలు – జవాబులు: ఇంగ్లీషు తోటల్లో గుళ్లు, వంతెనలు, ఉత్తుత్తి శిథిలాలు

ఈసారి ఉత్తరాల్లో చాలా భాగం ఇంగ్లండులో ఉంటున్నవాళ్లు, లేదా అక్కడికి ప్రయాణం పెట్టుకున్నవాళ్లు రాసినవి. అందరూ అడిగింది ఒక్క రకం తోటల గురించే. 18వ శతాబ్దంలో అక్కడి భూస్వాములు స్కేలుతో గీసినట్టుండే పాత పూలతోటల్ని చెరిపేసి, చెరువులు కట్టించి, గుట్టలు మలిపించి, వాటి మధ్య అక్కడక్కడా గ్రీకు గుళ్లు, రోమన్ ఆర్చీలు, గోథిక్ బురుజులు లేపారు. వాడకానికి కాకుండా చూపు ఆగడానికి కట్టిన కట్టడాన్ని ‘ఫాలీ’ అంటారు. బకింగ్‌హామ్‌షైర్‌లో స్టో, విల్ట్‌షైర్‌లో స్టౌర్‌హెడ్, సర్రేలో పెయిన్స్‌హిల్, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో రౌషమ్ ఈ తరహాకి పేరుపడ్డవి. మీ ప్రశ్నలు ఎక్కువగా మొదటి రెండింటి మీదే ఉన్నాయి కాబట్టి జవాబులూ వాటి చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న (మిల్టన్ కీన్స్ నుంచి ఒక పాఠకుడు): స్టో మాకు దగ్గర. నాలుగుసార్లు వెళ్లాను. ప్రతి గుడి ముందుకూ వెళ్లి 16 మి.మీ. లెన్స్‌తో తీశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. స్తంభాలు వెనక్కి వాలిపోతున్నాయి, గుమ్మటం అసలు కనబడటం లేదు. లెన్స్ మార్చాలా?

జవాబు: లెన్స్ కన్నా ముందు నిలబడే చోటు మార్చండి. ఈ గుళ్లు దగ్గరికెళ్లి చూడమని కట్టినవి కావు. మన ఊళ్లో గుడికి వెళ్లినట్టు గర్భగుడి దాకా నడవాలనిపించడం సహజమే. కానీ ఇక్కడ గుడికి ఎదురుగా, నీటికి అవతల, రెండు చెట్ల గుంపుల మధ్య ఒక చోటు ఉంటుంది. కట్టించినవాడు మిమ్మల్ని నిలబడమన్నది అక్కడే. స్టోలో విలియం కెంట్ 1730లలో మలిచిన ఎలీసియన్ ఫీల్డ్స్ అనే భాగం చూడండి. గుట్ట మీద గుండ్రటి టెంపుల్ ఆఫ్ ఏన్షియంట్ వర్చ్యూ, కింద సన్నటి నీటిపాయ, దానికి అవతలి ఒడ్డున ఇంగ్లీషు మహనీయుల రాతి తలలు పెట్టిన గోడ. పాతకాలపు గొప్పదనం పై నుంచి చూస్తుంటే కొత్తకాలపు గొప్పదనం కింద నుంచి తల ఎత్తి చూస్తుంది. ఆ వాలు, ఆ నీరు ఫ్రేములో లేకపోతే మిగిలేది పదహారు అయానిక్ స్తంభాలున్న ఒక గుండ్రటి మండపం మాత్రమే.

గుమ్మటం మాయం కావడానికి కారణం సూటిగానే ఉంది. గుమ్మటం స్తంభాల వరసకు వెనగ్గా, లోపలికి ఉంటుంది. మీరు దగ్గరికి జరిగేకొద్దీ స్తంభాల మీది దూలం అంచు దానికి అడ్డం వస్తుంది. స్టౌర్‌హెడ్‌లో గుమ్మటమున్న గుడి పాంథియన్‌కీ ఇదే బాధ. మెట్ల దగ్గర నిలబడితే గుమ్మటం లేని వసారాలా కనిపిస్తుంది.

స్తంభాలు వాలిపోవడానికి కారణం మీరు కెమెరాని పైకెత్తడం. కెమెరా సమంగా ఉంటే నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి, ఏ మామూలు లెన్స్ అయినా సరే. సమంగా పెట్టినప్పుడు కట్టడం మొత్తం పట్టాలంటే ఎంత దూరం వెళ్లాలో లెక్క కట్టుకోవచ్చు. కట్టడం ఎత్తులోంచి కెమెరా ఎత్తు తీసేయండి, దాన్ని లెన్స్ మి.మీ.తో గుణించండి. ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సర్) కెమెరాని నిలువుగా పట్టుకుంటే 18తో, అడ్డంగా పట్టుకుంటే 12తో భాగించండి. సెన్సర్ చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరాకు 12, 8. స్టోలోని కొరింథియన్ ఆర్చి ఎత్తు 60 అడుగులు, అంటే సుమారు 18.3 మీటర్లు. కంటి ఎత్తు 1.6 మీటర్లు తీసేస్తే 16.7. 35 మి.మీ. లెన్స్‌తో ఫుల్ ఫ్రేమ్ నిలువుగా అయితే 32.5 మీటర్లు, అడ్డంగా అయితే దాదాపు 49 మీటర్లు. అక్కడ ఆర్చి తల ఫ్రేము అంచుకి సరిగ్గా తగులుతుంది. కాస్త ఆకాశం కావాలంటే ఇంకో పావు వంతు దూరం కలుపుకోండి. స్టౌర్‌హెడ్ ఎస్టేటులోని కింగ్ ఆల్ఫ్రెడ్స్ టవర్ 49 మీటర్లు. దానికి 24 మి.మీ.తో నిలువుగా 63 మీటర్లు, 50 మి.మీ.తో 132 మీటర్లు వెనక్కి వెళ్లాలి. 12 మి.మీ. దాకా జరిగే షిఫ్ట్ లెన్స్ (కెమెరా వంచకుండా లెన్స్‌నే పైకి జరపగలిగేది) ఉంటే భాగించే 18 కాస్తా 30 అవుతుంది. అప్పుడు 24 మి.మీ.తో 38 మీటర్ల దూరం చాలు.

ఇలా తీసినప్పుడు ఫ్రేములో కింది సగం గడ్డే ఉంటుంది. దిగులు పడకండి, తరువాత కత్తిరించవచ్చు. వెనక్కి వెళ్లే చోటు లేక కెమెరా ఎత్తక తప్పనప్పుడు కట్టడానికి రెండు పక్కలా ఫ్రేములో ఐదో వంతు ఖాళీ వదలండి. సాఫ్ట్‌వేర్‌లో గీతలు సరిచేసేటప్పుడు ఆ పక్కలు కోతకి పోతాయి. ఎత్తైన బురుజుల్ని నూటికి నూరు పాళ్లు సరిచేస్తే పైభాగం లావుగా, మన మీద పడుతున్నట్టు అనిపిస్తుంది. కొద్దిపాటి వాలు ఉంచేయడమే మేలు. ఇంకో మాట. ఈ స్తంభాల నడుము కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తే అది లెన్స్ లోపం అనుకుని సరిచేయకండి. గ్రీకు, రోమన్ పద్ధతిలో స్తంభాన్ని చెక్కడమే అలా చెక్కుతారు.

16 మి.మీ. ఇంట్లో పెట్టి 24–70, 70–200 తీసుకెళ్లండి. నీటికి అవతలి కట్టడాలకు 70–135 మధ్యే ఎక్కువ పని పడుతుంది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): డిసెంబరులో పది రోజులు వెళ్తున్నాం. చలికాలంలో అక్కడ వెలుతురే ఉండదని అందరూ భయపెడుతున్నారు. ఈ తోటలకు వెళ్లడం దండగా?

జవాబు: దండగ కాదు. ఒక విధంగా అదే మంచి కాలం. హైదరాబాద్‌లో డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. స్టో దగ్గర అదే వేళకి 14, 15 డిగ్రీలు మాత్రమే. అంటే ఎండ కాసిన రోజున పొద్దున్నించి సాయంత్రం దాకా ఏటవాలు వెలుగే. మన దగ్గర సూర్యోదయం తరువాత కాసేపట్లో అయిపోయే వెలుగు అక్కడ పగలంతా నడుస్తుంది. స్తంభాల గాడులు, గోడల మీది చెక్కడాలు, నేల ఎత్తుపల్లాలు అన్నీ నీడలతో తేలతాయి. కేపబిలిటీ బ్రౌన్ స్టోలో ప్రధాన తోటమాలిగా ఉన్న 1740లలో మలిచిన గ్రీషియన్ వ్యాలీ జూన్ మధ్యాహ్నం చదునైన పచ్చిక. డిసెంబరు మధ్యాహ్నం అదే లోయ అని తెలుస్తుంది.

జూన్‌లో సూర్యుడు ఐదింటికి ముందే వచ్చేస్తాడు, గేట్లు తెరిచేసరికి బాగా పైకి వచ్చేసి ఉంటాడు. డిసెంబరులో సూర్యోదయం ఎనిమిది దాటాక. గేటు తెరిచే వేళకి ఇంకా లేత వెలుగే ఉంటుంది. చిక్కల్లా సాయంత్రం. నాలుగు లోపే పొద్దు గుంకుతుంది, గేట్లు అంతకన్నా ముందే మూయవచ్చు. వెళ్లే రోజు వేళలు తప్పకుండా చూసుకోండి.

పగలు ఎనిమిది గంటలే కాబట్టి ఏది ఎటు తిరిగి ఉందో ముందే తెలిసి ఉండాలి. స్టౌర్‌హెడ్‌లో ఊరు, గడ్డి కప్పిన ఐదు కమానుల వంతెన, బ్రిస్టల్ క్రాస్ చెరువుకి తూర్పున ఉన్నాయి. పాంథియన్ పడమటి ఒడ్డున ఉండి తూర్పుకి చూస్తుంది. కాబట్టి పొద్దున వంతెన పక్క నుంచి పాంథియన్ తీయండి, వెలుగు సూటిగా దాని ముఖాన పడుతుంది. మధ్యాహ్నం దక్షిణాన గుట్ట మీదున్న అపోలో గుడి దగ్గరికెక్కితే సూర్యుడు వెనకుంటాడు, చెరువంతా కనిపిస్తుంది. రెండు దాటాక పాంథియన్ దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగి వంతెన, ఊరు, చర్చి కలిపి తీయండి. ఈ తోట కట్టించిన బ్యాంకరు హెన్రీ హోర్ 1762లో రాసిన ఉత్తరంలో నీటి చివర వంతెన, ఊరు, చర్చి కలిసి గాస్పార్ బొమ్మలా ఉంటాయని మురిసిపోయాడు. గాస్పార్ దుగే అనే చిత్రకారుడి గురించి ఆ మాట. ఆయన మురిసిన చూపు ఇదే. చాలామంది వంతెన దగ్గర పొద్దున ఒక ఫొటో తీసి వెళ్లిపోతారు, ఈ రెండోది చూడకుండానే.

స్టోలో కొరింథియన్ ఆర్చి భవనానికి దక్షిణాన ఉంది. భవనం మెట్ల మీంచి చూస్తే ఆర్చి ఉత్తరపు ముఖం కనిపిస్తుంది. చలికాలంలో అది నీడలోనే ఉంటుంది, నల్లటి ఆకారంగా తీయాలనుకుంటే తప్ప లాభం లేదు. ఆర్చి వెలుపల, బకింగ్‌హామ్ నుంచి వచ్చే దారి వైపు నిలబడండి. ఎండ పడ్డ ముఖం, కమానులోంచి దూరంగా భవనం రెండూ దొరుకుతాయి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెల్లగా చూపే రంగుల సెట్టింగు) ఆటోలో వదలకండి. సాయంత్రపు పసుపుని కెమెరా తప్పనుకుని చల్లార్చేస్తుంది. 5200 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టండి. ఇంక ఎక్స్‌పోజర్. లేత సున్నపురాయి గుడి వెనక నల్లటి యూ చెట్లు ఉంటే మీటరు చెట్లని చూసి మోసపోతుంది, రాయి తెల్లగా కాలిపోతుంది. మైనస్ 0.7 నుంచి మైనస్ 1 స్టాపు దాకా తగ్గించండి (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం, లేదా సగం కావడం). అదే గుడి ఫ్రేము నిండా ఉంటే మీటరు దాన్ని బూడిద రంగు చేస్తుంది, అప్పుడు ప్లస్ 0.7 ఇవ్వాలి. వెలుగునీడల పంపకం చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, మొత్తానికి కలిపి ఒక్కటే చాలదు. ఎండలో రాయి పసుపుగా ఉన్నప్పుడు ముందు ఎరుపు ఛానెల్ కొట్టుకుపోతుంది, కాబట్టి మూడు రంగుల హిస్టోగ్రామ్ చూడండి.

ప్రశ్న (రీడింగ్ నుంచి ఒక పాఠకురాలు): స్టౌర్‌హెడ్ చెరువులో పాంథియన్ ప్రతిబింబం కోసం రెండుసార్లు వెళ్లాను. ఒకసారి నీరు అంతా అలలు. రెండోసారి నీరు కదలలేదు గానీ ఫొటోలో ప్రతిబింబం పొట్టిగా, మసగ్గా వచ్చింది. పోలరైజింగ్ ఫిల్టర్ వాడాను.

జవాబు: పొట్టిగా రావడానికి కారణం కెమెరా ఎత్తు. పాంథియన్ నీటి అంచునే లేదు, గట్టు మీద కాస్త వెనక్కుంది. నీటిలో కనిపించేది నీటి అడుగు నుంచి తలెత్తి చూస్తే కనిపించే గుడి అనుకోండి. మీరు ఎంత పైన ఉంటే ఆ చూపు అంత లోతు నుంచి వస్తుంది, గట్టు గుడి పాదాల్ని అంత ఎక్కువగా మింగేస్తుంది. కెమెరాని నీటికి అడుగు ఎత్తులోకి దించండి. గుడి నీటిలో దాదాపు పూర్తిగా నిలబడుతుంది. ముందు ఒడ్డున గడ్డి అడ్డం రాని చోటు వెతుక్కోవాలి, అంతే.

మసకగా రావడానికి కారణం ఫోకస్. ప్రతిబింబం నీటి పైన ఉన్నట్టు అనిపిస్తుంది గానీ లెన్స్‌కి అది గుడి ఎంత దూరమో అంత దూరంలో ఉంటుంది. మీ కెమెరా నీటి మీద తేలే ఆకుల్ని పట్టుకుని ఉంటుంది. గుడి మీద ఫోకస్ చేసి లాక్ చేయండి. ఆకులు కూడా స్పష్టంగా కావాలంటే 35 మి.మీ. లెన్స్‌లో ఎఫ్/11 దగ్గర 3.7 మీటర్ల మీద ఫోకస్ పెడితే 1.9 మీటర్ల నుంచి దూరం దాకా సరిపోతుంది. పెద్ద ప్రింటు వేసేటట్టయితే గుడి మీద ఒకటి, ఆకుల మీద ఒకటి తీసి కలపడం మేలు.

ఫిల్టర్ విషయంలో చాలామంది పడే అపోహ ఒకటుంది. పోలరైజర్ దూరపు ప్రతిబింబాన్ని చెరిపేయదు. నీటి మెరుపుని అది బాగా కోసేది నీటి ఉపరితలానికి 37 డిగ్రీల కోణంలో. నిలబడ్డ మనిషి కంటికి అది పాదాల నుంచి రెండు మీటర్ల దూరంలో ఉన్న నీరు. అక్కడ మెరుపు పోయి అడుగు బురద కనిపిస్తుంది. గుడి ప్రతిబింబం ఏటవాలుగా వస్తుంది కాబట్టి పెద్దగా తగ్గదు. కానీ ఫిల్టర్ ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. దానివల్ల షట్టర్ నెమ్మదించి చేతిలో కెమెరా కదిలి ఉండవచ్చు. రోడోడెండ్రాన్ ఆకుల మీది మెరుపు తగ్గించడానికి పోలరైజర్ మంచిదే. ప్రతిబింబానికి మాత్రం తీసి జేబులో వేసుకోండి.

అలలకి మందు గాలి లేని పొద్దు. గేటు తెరవగానే సూటిగా నీటి దగ్గరికి వెళ్లండి, టీ తరువాత తాగవచ్చు. గాలి ఆగకపోతే వెలుతురు తగ్గించే 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెట్టవచ్చు. 1/30 సెకను కాస్తా 34 సెకన్లు అవుతుంది, అలలు అలుక్కుపోతాయి. అయితే దానివల్ల అద్దం రాదు, రంగుల మరక వస్తుంది. ఒడ్డున కొమ్మలూ అలుక్కుపోతాయి. ఇంకో సంగతి, నీటిలో గుడి అసలు గుడికన్నా ఒక స్టాపు దాకా చీకటిగా ఉండటం ప్రకృతి. సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ సమానం చేస్తే చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉందని వెంటనే తెలిసిపోతుంది.

రంగుల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. అక్టోబరు చివర అందరూ మేపుల్ ఎరుపు కోసం ఎగబడతారు. మే చివర రోడోడెండ్రాన్ పూల కోసం. ఈ రంగులు చాలా మటుకు తరువాతి తరాలు నాటిన మొక్కలవి. హెన్రీ హోర్ ఉద్దేశంలో తోట ముఖ్యంగా ఆకుపచ్చల ఛాయలు, నీడ, నీరు, తెల్లటి రాయి. ఏప్రిల్ చివర లేత ఆకు వేసిన రోజుల్లో ఒకసారి వెళ్లి చూడండి. జనమూ తక్కువ, ఆ పాత చూపూ దొరుకుతుంది.

ప్రశ్న (విజయవాడ నుంచి వచ్చి లెస్టర్‌లో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు): నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది బాబూ. పెద్ద కెమెరాలు మోయలేను. దాంతో ఏమైనా వస్తుందా?

జవాబు: తప్పకుండా వస్తుందమ్మా. నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకుని ఫోన్ నిటారుగా పట్టుకోండి, పైకి వంచకండి. 0.5 అని ఉన్నది నొక్కకండి, దాంట్లో గుడి అగ్గిపెట్టె అంత అయిపోతుంది. 2 లేదా 3 వాడి, నాలుగడుగులు అటూ ఇటూ జరిగి చూసుకోండి. గుడి తెల్లటి రాయి మీద వేలితో నొక్కి పట్టుకుంటే వెలుతురు అక్కడికి లాక్ అవుతుంది. తరువాత వేలు కిందికి జరిపితే ఫొటో కాస్త చీకటవుతుంది, రాతి గీతలు కనిపిస్తాయి. చెరువు దగ్గర ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి. లెన్స్ నీటికి దగ్గరవుతుంది, ప్రతిబింబం పొడవుగా వస్తుంది. ఫోన్‌కి మణికట్టు తాడు కట్టుకోండి, ఒడ్డు జారుడుగా ఉంటుంది.

ప్రశ్న (బ్రిస్టల్ నుంచి): స్టౌర్‌హెడ్ గుహలో అప్సరస విగ్రహం తీస్తే విగ్రహం తెల్లటి ముద్ద, గోడలు కాటుక. పైగా లెన్స్ నిండా ఆవిరి.

జవాబు: 1748లో కట్టిన గుహ అది. పై రంధ్రం నుంచి వెలుగు దిగుతుంది, చెరువు వైపు ఒక కిటికీ లాంటి తెరుపు ఉంది, స్టౌర్ నది ఊట నీరు లోపలే పారుతుంది. చీకటి గోడకీ బయటి చెరువుకీ మధ్య తేడా ఏ కెమెరా అయినా ఒక్క షాట్‌లో పట్టలేనంత. వెలుతురు రెండేసి స్టాపుల తేడాతో ఐదు ఫొటోలు తీసి (దీన్నే బ్రాకెట్ చేయడం అంటారు) కలపండి. ఐఎస్ఓ 100–400, ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్. కలిపేటప్పుడు గోడల్ని పగటిలా వెలిగించకండి. గుహ గుహలాగే ఉండాలి, కట్టినవాడు కోరుకున్నదీ ఆ చీకటి నుంచి వెలుగు చెరువు కనిపించడమే. ఒక్క షాట్ చాలనుకుంటే విగ్రహం మీద స్పాట్ మీటర్ (ఆ ఒక్క చోటి వెలుగునే కొలిచేది) పెట్టి ప్లస్ 1 ఇవ్వండి. తెలుపు తెల్లగా ఉంటుంది, ముద్ద కాదు. ఫ్లాష్ వద్దు. తడి గోడలన్నీ చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి, విగ్రహం బల్లపరుపు అవుతుంది.

దారి ఇరుకు. ట్రైపాడ్ కాళ్లు చాపితే వెనకవాళ్లకి అడ్డం. జనం ఉన్నప్పుడు గోడకి ఆనుకుని ఐఎస్ఓ 1600–3200 పెట్టి 1/15 సెకనుతో లాగండి.

ఆవిరి ఎప్పుడు పడుతుందో తెలిస్తే భయం లేదు. చలికాలంలో గుహ బయటికన్నా వెచ్చన, తేమ ఎక్కువ. చల్లటి లెన్స్‌తో లోపలికి వెళ్లగానే పట్టేస్తుంది. ఎండాకాలంలో తిరగబడుతుంది, చల్లటి గుహలోంచి వెచ్చటి బయటికి వచ్చినప్పుడు పడుతుంది. లోపలికి వెళ్లాక పది నిమిషాలు కెమెరాని మూసిన సంచిలోనే ఉంచండి. తుడిస్తే మళ్లీ పడుతుంది, గాజు వెచ్చబడే దాకా ఆగాలి.

ప్రశ్న (మిల్టన్ కీన్స్ పాఠకుడే మళ్లీ): స్టోలో మహనీయుల గోడ మీది తలలన్నీ ఒక వరసగా తీసి ఆల్బమ్ చేద్దామనుకుంటున్నాను. గోథిక్ గుడి కూడా. సలహాలు?

జవాబు: మంచి ఆలోచన. టెంపుల్ ఆఫ్ బ్రిటిష్ వర్తీస్‌లో 16 తలలు. మధ్యలో పిరమిడ్, దానికొక పక్క ఆలోచనాపరులు – షేక్‌స్పియర్, మిల్టన్, న్యూటన్, లాక్, బేకన్ వంటివాళ్లు. మరోపక్క పనిచేసి చూపినవాళ్లు – ఆల్ఫ్రెడ్ రాజు, డ్రేక్, రాలీ వగైరా. పదహారుగురిలో ఒక్కతే స్త్రీ, మొదటి ఎలిజబెత్ రాణి. పిరమిడ్‌లోని గూడు మెర్క్యురీ దేవుడి తల కోసం కట్టింది. ఆ గూటిని కత్తిరించకండి, అది కూడా కథే.

వరస ఒకేలా రావాలంటే మబ్బు పట్టిన, కానీ వెలుతురున్న రోజు ఎంచుకోండి. ఎండలో ప్రతి గూటి అంచు నీడ ఒక్కొక్కరి కళ్ల మీద ఒక్కోలా పడుతుంది. 85 మి.మీ., ఎఫ్/8, మాన్యువల్ ఎక్స్‌పోజర్, ఒకే వైట్ బ్యాలెన్స్, ఒకే దూరం. లెన్స్ తల ఎత్తుకి సమంగా ఉండాలి. గోడ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ప్రతి గూటికీ సూటిగా ఎదురు నిలబడాలి, ఒకచోట నుంచి కెమెరా తిప్పితే చివరివాళ్లు పక్కకి వాలతారు. పైన చెక్కిన అక్షరాలు విడిగా తీయండి, వాటికి మాత్రం పక్క నుంచి రాసుకుంటూ పడే ఎండ కావాలి. చివరగా నీటికి అవతలి వాలు మీంచి 70–100 మి.మీ.తో గోడ మొత్తం. ఆల్బమ్‌లో మొదటి పేజీ అదే కావాలి.

గోథిక్ గుడిని జేమ్స్ గిబ్స్ 1741లో రూపొందించాడు. స్టోలో మిగతావన్నీ లేత రంగులు, ఇదొక్కటి తుప్పు రంగు ఇనుపరాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ తేడాని తగ్గించేస్తుంది. అదే వెలుగులో లేత రాయి గుడి దగ్గర గ్రే కార్డుతో (రంగు సరిచూసే బూడిద రంగు అట్టతో) ఒకసారి పెట్టిన వైట్ బ్యాలెన్స్‌నే దీనికీ వాడండి, అప్పుడే ఎంత వేరుగా ఉందో తెలుస్తుంది. దీన్ని ‘మన పూర్వీకుల స్వేచ్ఛకి’ అంకితం చేశారు, వేరుగా ఉండటమే దాని ఉద్దేశం. పునాది త్రికోణం కాబట్టి ముఖానికి ఎదురుగా తీస్తే మామూలు భవనం. మూల వైపుకి వెళ్లి రెండు ముఖాలు, మూడు బురుజులు ఎత్తు తేడాలతో కనిపించేలా తీయండి. లేదా స్తంభాలు, కప్పు ఉన్న పల్లాడియన్ వంతెన ముందు పెట్టుకుని గుట్ట మీద దాన్ని వెనకగా. ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ ఈ గుడిని బసకి అద్దెకిస్తుంది. లోపల కుటుంబాలు ఉంటాయి, కిటికీల్లోకి లెన్స్ పెట్టకండి. పెద్ద భవనంలో బడి నడుస్తుంది, పిల్లల్ని ఫ్రేములోకి రానివ్వకండి.

ప్రశ్న (లండన్ నుంచి): ఉత్తుత్తి శిథిలాన్ని నిజమైన శిథిలంలా తీయాలా, ఉత్తుత్తిదని తెలిసేలా తీయాలా?

జవాబు: రెండూ తీయాలి. మీకు దగ్గరలో ఉన్న పెయిన్స్‌హిల్‌నే తీసుకోండి. చార్లెస్ హామిల్టన్ 1738 నుంచి 1773 దాకా చేసిన తోట. చెరువు ఒడ్డున పాడుబడ్డ మఠం ఉంది. అది ఇటుకల మీద రాయిలా కనిపించేట్టు గార పూసింది. గుట్ట మీది గోథిక్ గుడి అయితే చెక్క, రాతి రంగు వేశారు. నీటికి అవతల నుంచి, మబ్బు రోజున, వాన తడి ఆరకముందు మఠాన్ని తీస్తే నిజంగా పాతదే అనిపిస్తుంది. తడి గార నల్లబడి రాయిని నమ్మిస్తుంది. ఎండలో గార సున్నం కొట్టిన గోడలా మెరిసి గుట్టు విప్పేస్తుంది. తరువాత దగ్గరికి వెళ్లి గార అంచు, ఇటుక, చెక్క కీళ్లు ఏటవాలు వెలుగులో 85 మి.మీ.తో తీయండి. గోథిక్ గుడి లోపలి నుంచి కూడా ఒకటి తీయండి. కోసుగా తేలిన కమానులు చెరువుకి ఫ్రేము కడతాయి.

రౌషమ్‌లో సంగతి వేరు. అక్కడ చెర్వెల్ నదికి అవతల పొలాల్లో, గుట్ట మీద మూడు కమానుల గోడ ఒకటి శిథిలంలా నిలబడి ఉంటుంది. చూపు తోట దాటి పరిగెత్తాలని పెట్టింది. దానికి 200–300 మి.మీ. కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం పొలాల మీది వేడి గాలి వణుకుతుంది, ఎంత ఖరీదు లెన్స్ అయినా మసకే. వాన వెలిసిన పొద్దున వెళ్లండి. రౌషమ్‌ ఒక కుటుంబం సొంత తోట. కుక్కల్ని, 15 ఏళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు.

ప్రశ్న (రీడింగ్ నుంచి మరొకరు): మా తమ్ముడి పెళ్లికి ముందు షూట్ స్టౌర్‌హెడ్‌లో చేద్దామనుకుంటున్నాం. డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకున్నాం, డ్రోన్ కూడా ఉంది. టికెట్ కొంటే చాలు కదా?

జవాబు: చాలదు. స్టో, స్టౌర్‌హెడ్ రెండూ పాత కట్టడాల్ని, తోటల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. మీ సంతోషం కోసం మీరు ఆరుబయట తీసుకునే ఫొటోలకి అభ్యంతరం లేదు. డబ్బు చేతులు మారే షూట్‌కి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ తోట కార్యాలయానికి రాసి తేదీ, ఎంతమంది వస్తారు, ఏ సామాను తెస్తారు, ఫొటోలు ఎక్కడ వాడతారు అన్నవి చెప్పండి. వాళ్లు ఒప్పుకున్నాకే పట్టుచీరలు ఇస్త్రీ చేయండి. బ్రిటన్ 1988 కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం జనానికి తెరిచి ఉన్న చోట శాశ్వతంగా ఉన్న కట్టడాల్ని, శిల్పాల్ని ఫొటో తీయడం కాపీరైట్ ఉల్లంఘన కాదు నిజమే. కానీ ఆ స్థలం షరతులు వేరే సంగతి, వాటిని ఈ చట్టం తీసేయదు. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయడం ట్రస్ట్ భూముల్లో నిషేధం, ఇంట్లో పెట్టి రండి.

అనుమతి వచ్చాక చోటు ఎంచుకునేటప్పుడు జంటని గుడి మెట్ల మీద నిలబెట్టకండి, మొదటి ప్రశ్నలో చెప్పిన కారణమే. పొద్దున తొమ్మిది, పదింటికి వంతెన దగ్గర గడ్డి మీద జంట, వెనక నీరు, దానికి అవతల చిన్నగా పాంథియన్. 85 మి.మీ., ఎఫ్/5.6 పెడితే గుడి మరీ అలుక్కుపోకుండా గుర్తుపట్టేలా ఉంటుంది. ఎఫ్/1.8 పెట్టి వెనక అంతా చెరిపేసేటట్టయితే అంత దూరం వెళ్లనక్కర్లేదు, మీ ఇంటి పక్క పార్కు చాలు. ఎరుపు, పసుపు చీరలు ఆ పచ్చదనం మీద అద్భుతంగా నిలుస్తాయి. చీర కుచ్చిళ్లకి మాత్రం మంచు తడి ఎక్కుతుంది, పరుచుకోవడానికి ఒక దుప్పటి, మార్చుకోవడానికి బూట్లు తెచ్చుకోండి.

ఫ్రేములో జనం పడకుండా కట్టడం ఒక్కటే కావాలంటే ట్రైపాడ్ మీద 10, 20 సెకన్ల తేడాతో పది పదిహేను ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో మీడియన్ స్టాక్ చేయండి (అన్నిటినీ పేర్చి, ఎక్కువ ఫొటోల్లో ఉన్నదాన్నే ఉంచే పద్ధతి), నడిచేవాళ్లు మాయమవుతారు. నీటి భాగానికి మాత్రం స్టాక్ వాడకండి, ప్రతిబింబం అలుక్కుపోతుంది. ఆ భాగాన్ని ఒకే ఫొటో నుంచి తీసుకుని అతికించండి. బెంచీ మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్నవాళ్లు ఎన్ని ఫొటోలు తీసినా పోరు. వాళ్లు లేచే దాకా ఆగాల్సిందే.